‘లేదు’ అని రాసిన రిపోర్టు

కిందటి నెల ఒక పెద్దాయన ఫోన్ చేసి, వాట్సాప్‌లో ఫొటో పంపాను చూడమ్మా అన్నారు. చూశాను. నాలుగేళ్ల కిందట నేను ల్యాబులో పనిచేస్తున్నప్పుడు ఇచ్చిన రిపోర్టు అది. కాగితం మడతల దగ్గర చిరిగింది, కింద నా సంతకం మాత్రం చెదరలేదు. బత్తాయి ఆకుల నమూనా, గ్రీనింగ్ తెగులు బాక్టీరియాకు పీసీఆర్ పరీక్ష (నమూనాలో దాని డీఎన్ఏ ఉందో లేదో చూసేది), ఫలితం: లేదు.

“లేదన్నారు కదమ్మా” అన్నారాయన.

గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేదేమో. ఆకులు కోసిన చెట్టు పోయింది. దాని పక్క వరసలో కాయలు ఒంకరగా, సగం పచ్చగానే రాలిపోతున్నాయి. ఆ రిపోర్టు చూసుకుని ఆయన నాలుగేళ్లు ధైర్యంగా ఉన్నారు. చెట్టు పసుపెక్కితే ఎరువు మార్చారు, నీళ్లు మార్చారు, జింకు పిచికారీ చేశారు. రోగం మాత్రం లేదనుకున్నారు, ఎందుకంటే నేను లేదన్నాను.

ఆ రోజు పరీక్షలో పొరపాటు జరగలేదు. ఆ మాట గట్టిగా చెప్పగలను. పరీక్ష సరిగ్గా నడిచిందో లేదో చూడటానికి పక్కన పెట్టే రెండింటిలో, రోగం ఉందని ముందే తెలిసిన నమూనా సరిగ్గా వెలిగింది, ఉత్త నీళ్ల నమూనా శుభ్రంగా ఉంది. ఆయన పంపిన ఆరు ఆకుల్లో బాక్టీరియా నిజంగానే దొరకలేదు. అయినా చెట్టులో ఉంది. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో నాకు అప్పుడే తెలుసు. తెలిసీ రిపోర్టులో రెండక్షరాలతో సరిపెట్టాను. నెల రోజులుగా ఆలోచిస్తుంటే నాకొక అభిప్రాయం గట్టిపడింది. పురుగులు మోసుకొచ్చే బాక్టీరియా తెగుళ్లలో, జబ్బుపడినట్టు కనిపించే చెట్టును పరీక్షించడం మీద మనం పెట్టుకున్న నమ్మకం చాలా ఎక్కువ. ముందు చూడాల్సింది పురుగుని, కొత్త చిగురుని, తోట అంచుని. ఆకు నోరు తెరిచేది అన్నిటికంటే చివర్న.

ఆరు ఆకుల లెక్క

గ్రీనింగ్ బాక్టీరియా చెట్టంతా సమానంగా పరుచుకోదు. ఆకుల్లో తయారైన చక్కెరను మిగతా భాగాలకు మోసే సన్నని నాళాల్లోనే బతుకుతుంది. దాన్ని మోసే సిట్రస్ సిల్లా అనే పురుగు ఒక చిగురు మీద వాలి రసం పీల్చినప్పుడు ఆ కొమ్మలో దిగుతుంది, అక్కణ్ణుంచి చక్కెరతో పాటు ప్రయాణిస్తుంది. చాలాసార్లు వేర్లకు ముందు చేరుతుంది, మిగతా కొమ్మలకు తర్వాత వస్తుంది. ఒక కొమ్మ నిండా ఉండి పక్క కొమ్మలో ఒక్కటీ లేకపోవడం మామూలే.

ఒక చిన్న లెక్క వేద్దాం. చెట్టుకు ఇరవై కొమ్మలుంటే ఒకదానిలోనే బాక్టీరియా ఉందనుకుందాం. చెట్టంతా తిరిగి ఎక్కడివక్కడ ఆరు ఆకులు కోస్తే, ఆరూ మంచి కొమ్మలవే అయ్యే అవకాశం వందకు 73. అంటే రోగం ఉన్న చెట్టుకు నాలుగింట దాదాపు మూడుసార్లు ‘లేదు’ అనే రిపోర్టే వస్తుంది. వందకు 95 సార్లు పట్టుకోవాలంటే కనీసం 59 ఆకులు కావాలి. అంత ఓపిక ఎవరికుంది? పైగా ఇది ఒక్క చెట్టు లెక్క.

రైతు కళ్లు మూసుకుని కోయడు కదా, పసుపెక్కిన ఆకులే కోస్తాడు కదా అని మీరు అనొచ్చు. నిజమే. ఈ పెద్దాయన కూడా అలాగే ఏరి ఏరి కోశారు, తోటలో అన్నిటికంటే స్పష్టంగా పసుపెక్కిన ఆకుల్ని. అవి జింకు లోపం ఆకులు. జింకు తక్కువైతే ఈనెలు ఆకుపచ్చగా ఉండి, మధ్య భాగం రెండు వైపులా ఒకేలా పసుపెక్కుతుంది, గీసి రంగు వేసినట్టు. గ్రీనింగ్‌లో మచ్చ ఈనెల్ని లెక్కచేయదు, నడి ఈనెకు ఒకవైపు ఒకలా, ఇంకోవైపు ఇంకోలా మరకలు మరకలుగా ఉంటుంది. పెన్నుతో నడి ఈనెకు రెండు పక్కలా ఒకేచోట రెండు సున్నాలు చుట్టి, లోపలి రంగు పోల్చి చూడటం చాలామంది వాడే చిట్కా. రంగు తేడాగా ఉంటే అనుమానించాలి. ఆ పెద్దాయనకు ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు. ఆకులు ఇలా కోయాలి అని నమూనా కవరు మీద ఒక్క ముక్క అచ్చు వేసి ఉన్నా సరిపోయేది. మేం వెయ్యలేదు.

చెట్టులోకి బాక్టీరియా దిగిన తర్వాత లక్షణాలు బయటపడటానికి నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. కానీ రోగం మోసే పురుగు గుడ్లు పెట్టి, పిల్ల పురుగులు తిన్న ఆ ఒక్క చిగురు రెండు వారాల్లోనే కొత్త పురుగులకు రోగం అంటించగలదని అమెరికాలో తేలింది. అంటే చెట్టు చూడ్డానికి నిగనిగలాడుతూ ఉండగానే దాని మీద పుట్టిన పురుగులు రోగం మోసుకుని పక్క చెట్టుకు వెళ్లిపోతాయి. మనం పసుపెక్కిన ఆకు కోసి ల్యాబుకు పంపేది అంతా అయిపోయాక. ఎప్పుడో జరిగినదాన్ని ఆ ఆకు ఇప్పుడు చెబుతోంది.

పురుగుని అడిగితే

సిట్రస్ సిల్లా మూడు నాలుగు మిల్లీమీటర్ల పురుగు. తల కిందికి, తోక పైకి పెట్టి వాలుగా కూర్చుంటుంది. ఒకసారి చూసినవాళ్లు మళ్లీ పొరబడరు. గుడ్లు లేత చిగుళ్లలోనే పెడుతుంది. పిల్ల పురుగుగా ఉన్నప్పుడు రోగం ఉన్న చిగురు తిన్నదైతే రెక్కలొచ్చాక బతికినంతకాలం బాక్టీరియాను మోస్తుంది. ఒక చెట్టు మీదే కూర్చోదు, తిరుగుతుంది. అందుకే ఒక్క పురుగు కడుపులో ఎన్నో చిగుళ్ల నమూనా ఉంటుంది. ల్యాబులో మనం ఎంత కష్టపడ్డా తేలేని నమూనాను అది తన పనిగా పోగుచేసి పెడుతోంది.

ఫ్లోరిడాలో ఈ పురుగు 1998లో కనబడింది, గ్రీనింగ్ తెగులు 2005లో. మధ్యలో ఏడేళ్లు. అక్కడ పట్టిన పురుగుల్ని పరీక్షించి 2008లో ఒక పరిశోధన అచ్చయింది. చెట్లలో లక్షణాలు కనబడటానికి ఏడాది నుంచి కొన్నేళ్ల ముందే అదే చోట పట్టిన పురుగుల్లో బాక్టీరియా ఉందని అందులో తేలింది. దుకాణాల్లో అమ్మే మొక్కల మీద కూడా రోగం మోసే పురుగులు దొరికాయి. మొక్కతో పాటు పురుగు, పురుగుతో పాటు రోగం ఊళ్లు దాటాయి. 2003–04లో 24 కోట్ల 20 లక్షల పెట్టెల నారింజలు పండిన ఆ రాష్ట్రంలో 2022–23కి వచ్చేసరికి దిగుబడి కోటీ 58 లక్షల పెట్టెలు. తుపానులు, తోటలు ఇళ్ల స్థలాలు కావడం కూడా ఇందులో ఉన్నాయి, తప్పంతా గ్రీనింగ్‌దే అనను. కానీ నడుం విరిచింది మాత్రం అదే.

ఈ అంకెలు చూసినప్పుడల్లా ఆ ఏడేళ్లే నాకు గుర్తొస్తాయి. పురుగు వచ్చింది, రోగం ఇంకా ‘రాలేదు’ అనుకున్న ఏడేళ్లు.

ఇక్కడ నా వాదనకు ఒక గట్టి అడ్డంకి ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పురుగు ఒంట్లో బాక్టీరియా ఉండటం వింతేమీ కాదు, అది పుట్టుకతో ఉన్న సంగతి. ఒకసారి ఒక విద్యార్థి సిల్లా పురుగుల జన్యు పరీక్ష ఫలితం పట్టుకుని చాలా టెన్షన్‌గా వచ్చాడు. జాబితా నిండా బాక్టీరియా పేర్లు. “మేడమ్, వీటిలో దేనికి మందు కొట్టాలి?” అని అడిగాడు. పైన ఉన్న మూడు పేర్లు కార్సొనెల్లా, ప్రాఫ్టెల్లా, వోల్‌బాకియా. ఏదీ చెట్టుకు రోగం తెచ్చేది కాదు. కార్సొనెల్లా లేకపోతే సిల్లా బతకలేదు. చెట్టు రసంలో దొరకని అమైనో ఆమ్లాలను పురుగుకు అదే తయారుచేసి పెడుతుంది. ఎన్ని తరాలుగా పురుగు లోపలే ఉండిపోయిందో, సొంతంగా బతకడానికి కావలసిన జన్యువుల్ని దాదాపు అన్నిటినీ వదిలేసుకుంది. మరో జాతి సిల్లాలోని కార్సొనెల్లా జన్యుపటాన్ని 2006లో చదివితే మొత్తం లక్షా 60 వేల డీఎన్ఏ అక్షరాలే తేలాయి, అప్పటికి తెలిసిన బాక్టీరియాల్లో అదే అతి చిన్నది. ప్రాఫ్టెల్లా ఒక విషం తయారుచేసి పురుగుకు కాపలా కాస్తుంది. తల్లి నుంచి పిల్లకు గుడ్డులోనే ఇవన్నీ అందుతాయి.

కాబట్టి పురుగులో ‘బాక్టీరియా ఉంది’ అంటే ఏమీ చెప్పనట్టే. ఫలానా రోగానిది ఉందా అని అడగాలి. ఉందని తేలినా, ఆ పురుగు ఏ చెట్టు మీద తిన్నదో తెలియదు. రోగం మోసే ప్రతి పురుగూ అంటిస్తుందన్న హామీ కూడా లేదు, పెద్దయ్యాక పీల్చుకున్నది అంత బాగా అంటించలేదు. పురుగులో దొరికిందని చెట్టు కొట్టేయమంటే నేనే ఒప్పుకోను.

నేననేది వేరు. చెట్టు పరీక్ష ‘ఈ చెట్టును ఉంచాలా, తీసేయాలా’ అన్నదానికి పనికొస్తుంది. పురుగు పరీక్ష ‘ఈ ప్రాంతంలో అందరం కలిసి ఇప్పుడే కదలాలా’ అన్నదానికి పనికొస్తుంది. రెండో ప్రశ్నకు జవాబు ఏళ్ల ముందు వస్తుంది. మనం మాత్రం మొదటి ప్రశ్న దగ్గరే డబ్బూ కాలమూ ఖర్చుపెడుతున్నాం.

పురుగుని పరీక్షించలేని చోట

అన్ని తెగుళ్లకూ ఈ మాట సరిపోదు. ఆపిల్‌కి, బేరిపండు చెట్లకి వచ్చే ఫైర్ బ్లైట్ తీసుకోండి. ఒక మొక్క తెగులుకు బాక్టీరియా కారణమని మొదట తేలింది దీనితోనే. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో థామస్ బరిల్ 1878–80 ప్రాంతంలో ఆ సంగతి చెప్పాడు. పదేళ్లకు, 1890ల మొదట్లో, మెర్టన్ వెయిట్ దాన్ని పువ్వు నుంచి పువ్వుకు తేనెటీగలు మోస్తున్నాయని నిరూపించాడు. కీటకం మొక్కకు బాక్టీరియా రోగం మోసుకెళ్తుందని తెలిసింది అప్పుడే.

తేనెటీగను ఏం చేస్తాం? అది లేకపోతే కాయే లేదు. ఇక్కడ ఈగని పట్టి పరీక్షించినా లాభం లేదు. పువ్వు విచ్చుకున్న రోజుల్లో వేడి 18 డిగ్రీలు దాటి కొన్ని గంటలు నిలిచిందా, ఆపైన వానో మంచో పడి పువ్వు తడిసిందా అన్నదే అక్కడ అసలు పరీక్ష. మేరీబ్లైట్ లాంటి అంచనా పద్ధతులు ఆ లెక్కే వేస్తాయి. ల్యాబు కంటే థర్మామీటరు ముందు చెబుతుంది. ఆ లెక్క చూసుకోకుండా పూత కాలమంతా స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ కొట్టుకుంటూ పోతే ఏమవుతుందో కాలిఫోర్నియా బేరి తోటల్లో 1971లోనే తెలిసింది, మందుకు లొంగని బాక్టీరియా పుట్టుకొచ్చింది.

నిమ్మ గజ్జి తెగులు కథ ఇంకోలా ఉంటుంది. దాన్ని ఏ పురుగూ మోయదు, గాలివాన మోస్తుంది. అయినా ఆకు తొలిచే పురుగు ఉన్న తోటలో గజ్జి ఎక్కువ, ఎందుకంటే పురుగు ఆకులో చేసిన సొరంగం బాక్టీరియాకు తెరిచిన తలుపు. ఇక్కడ పురుగులో బాక్టీరియా కోసం వెతికితే కాలం వృథా. చిగురు వచ్చే రోజుల్లో సొరంగాలు లెక్కపెట్టడమే పని.

ఇటలీ దక్షిణాన పుల్యాలో 2013లో ఆలివ్ చెట్లు ఎండటం మొదలైనప్పుడు దొరికిన జైలెల్లా అనే బాక్టీరియా సంగతి నా వాదనకు దగ్గరగా వస్తుంది. అక్కడ రోగం మోసేది నురగ పురుగు. దాని పిల్లలు వసంతంలో చెట్టు కింద కలుపు మొక్కల మీద నురగలో దాక్కుని పెరుగుతాయి. తొడుగు విడిచి రెక్కలొచ్చినప్పుడు వాటిలో రోగం ఉండదు, ఆ తర్వాత జబ్బు చెట్టు రసం పీల్చాకే అంటుకుంటుంది. కాబట్టి అవి కదల్లేక నురగలో ఉన్న ఆ కొద్ది వారాల్లో కలుపు తీసేస్తే, ఇంకా రోగం పట్టని పురుగునే తగ్గించేస్తున్నాం. మందు లేదు, పరీక్ష లేదు, పురుగు బతుకు తెలిస్తే చాలు. చెట్టు ఎండాక ల్యాబు చెప్పే ఏ మాటా ఆ కలుపు తీతకు సాటిరాదు.

పంగల కర్ర

ల్యాబులో పనిచేసినదాన్నే అయినా, నాకు అన్నిటికంటే నచ్చిన ఉదాహరణలో ల్యాబు లేదు. ఇథియోపియాలో అరటి కుటుంబపు ఎన్సెట్ మొక్కల మీద 1960ల్లో గుర్తించిన బాక్టీరియా ఎండు తెగులు 2001లో ఉగాండా అరటి తోటల్లో బయటపడింది. ఈగలూ తేనెటీగలూ అరటి గెల చివర వేలాడే మగ పువ్వు దగ్గరికి తేనె కోసం వస్తాయి. పైపొరలు రాలినచోట ఉండే పచ్చి గాటులోంచి బాక్టీరియా లోపలికి పోతుంది. గెలలో ఆఖరి అత్తం విడగానే ఆ మగ పువ్వును తుంచేస్తే కీటకాలు వాలే చోటే ఉండదు. కత్తితో కోస్తే కత్తే రోగాన్ని మోస్తుంది, అందుకని పంగల కర్రతో మెలిపెట్టి విరిచేయమన్నారు. ఎవరి చేతిలోనైనా పనిచేస్తుంది.

ఆ కథలో రెండో సగం నాకు ఇంకా ముఖ్యం. మొదట్లో ఒక చెట్టుకు రోగం వస్తే దుబ్బు మొత్తం వేళ్లతో తవ్వి పారేయమన్నారు. అది చాలా కష్టమైన పని, పైగా ఇంట్లో తిండి పోతుంది. చాలామంది చేయలేదు. చెప్పినమాట వినడం లేదని వాళ్లనే తప్పుపట్టారు. తర్వాత జాగ్రత్తగా చూస్తే, ఒక దుబ్బులో ఒక చెట్టుకు రోగం వచ్చినా పిలకలన్నిటికీ పాకడం లేదని తేలింది. అప్పుడు సలహా మారింది: రోగం కనబడిన చెట్టును మాత్రం నేలమట్టానికి నరుకు, మళ్లీ మళ్లీ వచ్చి చూడు, ఇంకోటి కనబడితే దాన్నీ నరుకు. జనం చేశారు. చెట్టులో బాక్టీరియా సమానంగా పరుచుకోదన్న అదే సంగతి నా రిపోర్టును అబద్ధం చేసింది, అక్కడ తోటల్ని నిలబెట్టింది.

పాజిటివ్ వస్తే ఎవరికి చెబుతారు?

ముందే కనిపెడదాం అని ఇంతసేపూ చెబుతున్న నాకు, ల్యాబు కిటికీ దగ్గర ఒకాయన అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నమూనా కవరు చేతిలో పెట్టుకుని, ఇవ్వకుండా అడిగారు: “పాజిటివ్ వస్తే ఎవరికి చెబుతారండీ?” నేను తడబడ్డాను. ఆయన కవరు వెనక్కి తీసుకుని వెళ్లిపోయారు.

ఆ భయం ఊహల్లోంచి పుట్టింది కాదు. ఫ్లోరిడాలో గజ్జి తెగులు నిర్మూలనలో, రోగం ఉన్న చెట్టుకు 1,900 అడుగుల లోపల ఉన్న నిమ్మజాతి చెట్లన్నిటినీ, బాగున్నవాటితో సహా, కొట్టేసే నియమం పెట్టారు. ఇళ్ల పెరళ్లలో చెట్లు పోయాయి, కోర్టు కేసులయ్యాయి. చివరికి 2004, 2005 తుపానులు బాక్టీరియాను రాష్ట్రమంతా చల్లేశాక 2006 జనవరిలో ఆ కార్యక్రమాన్నే ఆపేశారు. అంత దూరం ఎందుకు పెట్టారో శాస్త్రం ప్రకారం నాకు అర్థమవుతుంది. గాలివానలో రోగం ఎంత దూరం పోతుందో కొలిచే పెట్టారు. కానీ తెల్లారేసరికి పెరట్లో చెట్టు లేకుండా పోయిన మనిషి ఇంకోసారి ఫోన్ చేసి ‘మా చెట్టు ఆకు మీద మచ్చ ఉంది’ అని చెబుతాడా?

పురుగు పరీక్ష నాకు మంచిదనిపించడానికి ఇదొక కారణం. పురుగు ఎవరి సొత్తూ కాదు. అంచు మీద పట్టిన పురుగులో రోగం దొరికితే ఏ ఒక్క రైతు మీదా ముద్ర పడదు. ఆ చుట్టుపక్కల తోటలన్నిటికీ ఒకేసారి కబురు పెట్టొచ్చు, అందరూ ఒకే వారంలో మందు కొట్టొచ్చు. ఒకరు కొట్టి ఇంకొకరు కొట్టకపోతే పురుగు ఇటు నుంచి అటు వెళ్తుంది, అంతే. కానీ చివరికి కొన్ని చెట్లు తీయక తప్పదు. అప్పుడు పరిహారం లేకుండా ‘ముందే చెప్పండి’ అని అడిగితే, తన మీద తానే సాక్ష్యం చెప్పుకోమన్నట్టు. ఈ చిక్కుకు నా దగ్గర పరిష్కారం లేదు, పరిహారం ముందు ప్రకటించి తర్వాత పరీక్షలు మొదలుపెట్టాలన్న గట్టి అభిప్రాయం తప్ప.

కుక్కల సంగతి కూడా చెప్పాలి. శిక్షణ ఇచ్చిన కుక్కలు వాసన పట్టి గ్రీనింగ్ చెట్టు పక్కన కూర్చుంటాయి. 2020లో అచ్చయిన పరిశోధనలో వాటి ఖచ్చితత్వం 99 శాతం పైనే. పీసీఆర్‌కు నెలల తరబడి దొరకని చెట్లను కూడా అవి పట్టాయి. మరి కుక్క ఉందంటే, పీసీఆర్ లేదంటే ఎవరి మాట నమ్మాలి? ల్యాబులో పనిచేసిన మనిషిగా ఈ ప్రశ్న నన్ను ఇబ్బంది పెడుతుంది. మిగతావాటిని కొలవడానికి మేం పెట్టుకున్న కొలబద్దే ఆలస్యంగా చెబుతుంటే, దానికంటే ముందు చెప్పినదాన్ని తప్పు అనడానికి మాకు ఏం హక్కుంది?

మొన్న తోటలో

పోయిన ఆదివారం ఆ పెద్దాయన తోటకు వెళ్లాను. చెట్లకు ఇప్పుడేదైనా మందు ఉందా అని అడిగారు. ఫ్లోరిడాలో 2022 నుంచి కాండంలోకి ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించడానికి అనుమతి ఉందని, అది రోగాన్ని తీసేయదని, కొన్నాళ్లు కాయ నిలబెట్టే ప్రయత్నమని చెప్పాను. ఆయన తల ఊపి ఊరుకున్నారు. పోయిన చెట్ల చోట కొత్త అంట్లు వేయాలని తొందరపడుతున్నారు. వల కప్పిన నర్సరీలో పెంచినవి దొరికేదాకా, చుట్టుపక్కల పురుగు సంగతి తేలేదాకా ఆగమన్నాను.

తెల్ల అట్ట ఒకటి తీసుకెళ్లాను. అంచు వరసల్లో మొదలుపెట్టాం, సిల్లా ముందు చేరేది అక్కడే. చిగురున్న కొమ్మ కింద అట్ట పట్టుకుని కర్రతో మూడుసార్లు తట్టడం, రాలినవి లెక్కపెట్టడం. తోట లోపలి చెట్లలో చాలావాటి కింద ఒక్కటీ పడలేదు. గట్టు పక్కన, పక్క తోటకు ఆనుకున్న వరసలో, ఆరో చెట్టు దగ్గర ఒకేసారి ఐదు పడ్డాయి. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని దగ్గరగా వంగి చూశారు. ముప్పై ఏళ్లుగా బత్తాయి పండిస్తున్న మనిషి, ఆ పురుగుని పనిగట్టుకుని చూడటం అదే మొదటిసారని అన్నారు.

గట్టు అవతల పక్క తోట ఆయన నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. పెద్దాయన చెయ్యూపి పిలిచారు. “ఇటు రావయ్యా, నీ వైపు కూడా తట్టి చూద్దాం.”

మొత్తం 22 పురుగులు పట్టి స్పిరిట్ సీసాల్లో వేశాం, ఏ వరస, ఏ చెట్టు అన్నది సీసా మీద రాశాం. బయల్దేరుతుంటే ఆయన అడిగారు, “ఈసారి ఏమని రాస్తారమ్మా?”

నేనిప్పుడు ఆ ల్యాబులో లేను, రాసేది వేరేవాళ్లు. సీసాలతో పాటు పంపే కాగితం మీద మాత్రం రాసిపెట్టాను: దొరక్కపోతే ‘లేదు’ అని రాయొద్దు, ‘ఈ 22 పురుగుల్లో దొరకలేదు’ అని రాయండి, మళ్లీ ఎప్పుడు పట్టి పంపాలో కూడా కింద వేయండి.